గుళిక ఆఖరి రోజు ఎక్కడ?

బూందీ గరిటెలోంచి జారిన శనగపిండి చుక్క కాగే నూనెలో పడీ పడగానే గుండ్రని గింజగా బిగుసుకుంటుంది. మొక్కల పీచుతో సూక్ష్మ గుళికలు చేసే ప్రయోగశాలల్లో జరిగేదీ ఇంచుమించు అదే. అక్కడ గరిటె బదులు సన్నని సూది, పిండి బదులు సెల్యులోజు నానోపోగులు కలిసిన చిక్కని జావ, నూనె బదులు కాల్షియం క్లోరైడ్ కరిగించిన చల్లని నీళ్లు ఉంటాయి. సూది మొన నుంచి రాలిన చుక్క నీళ్లను తాకగానే దాని ఒంటి మీద పలుచని పొర కడుతుంది. కాసేపటికి లోపలిదాకా గట్టిపడి, నానిన సగ్గుబియ్యపు గింజలా వేలికి మెత్తగా తగిలే పూస అవుతుంది. సూదితో వచ్చే పూస కంటికి కనిపిస్తుంది. సన్నని గాజు కాలువల్లో నూనె ప్రవాహంతో చుక్కను తుంచితే వెంట్రుక మందాన్ని మించని గుళికలు కూడా వస్తాయి. జావలో ముందుగానే ఇనుప ఆక్సైడో, వెండో, మరో లోహపు నానో కణాలో కలిపితే అవి గుళిక లోపల చిక్కుకుపోతాయి. గుళిక గోడ నిండా కంటికి ఆనని రంధ్రాలు. వాటిగుండా నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి, కణాలు మాత్రం లోపలే ఉండిపోతాయి. తాగునీటి శుద్ధికి, కలుషిత జలాల శుద్ధికి, పంటలకు పోషకాలు అందించడానికి ఇలాంటి గుళికలు పనికొస్తాయని ప్రపంచమంతటా పరిశోధనలు సాగుతున్నాయి. మన ఇళ్లకూ పొలాలకూ అవి రాకముందే, వాటిని ఏ ప్రశ్న అడిగి లోపలికి రానివ్వాలో తేల్చుకోవాలి. ‘ఇది మొక్కతో చేసిందేనా’ అని అడిగితే చాలదు. ‘దీని ఆఖరి రోజు ఎక్కడ గడుస్తుంది’ అని అడగాలన్నదే నా వాదన.

ముందు పదార్థం సంగతి చూద్దాం. సెల్యులోజును 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు అన్సెల్మ్ పాయెన్ మొక్కల నుంచి వేరుచేసి చూపాడు. పత్తి పీచులో పదింట తొమ్మిది వంతులు అదే. కర్రలో సగానికి కాస్త తక్కువ, వరిగడ్డిలో మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. మోకును విప్పితే పురులు, పురిని విప్పితే పోగులు వచ్చినట్టు, సుమారు 30 మైక్రోమీటర్ల మందం ఉండే కర్రపీచును విప్పుకుంటూ పోతే చివరికి మూడు నాలుగు నానోమీటర్ల పోగులు దొరుకుతాయి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఆ పోగులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి విడదీయడమే పెద్ద పని. 1980ల మొదట్లో అమెరికాలో టర్బాక్, ఆయన సహచరులు పాల పరిశ్రమలో వాడే హోమోజెనైజర్‌లోకి కాగితపు గుజ్జును అధిక పీడనంతో పదే పదే పంపి ఆ పని సాధించారు. 2006 నాటికి టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసొగాయ్, త్సుగుయుకి సైతో బృందం మెరుగైన దారి చూపింది. టెంపో అనే ఉత్ప్రేరకంతో పోగుల మీద రుణావేశం పుట్టిస్తే అవి ఒకదాన్నొకటి నెట్టుకుని తేలిగ్గా విడిపోతాయి. ఈ కృషికి 2015లో అటవీ రంగంలో పేరెన్నికగన్న మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి దక్కింది. కాల్షియం నీళ్లలో చుక్క బిగుసుకోవడానికి కారణం కూడా ఆ రుణావేశమే. ధనావేశం ఉన్న కాల్షియం అయాన్ రెండు పోగుల మధ్య చేరి ముడి వేస్తుంది.

గుళికల్లో ఏదైనా దాచడం కూడా పాత విద్యే. 1950లలో అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో బారెట్ గ్రీన్ బృందం జెలటిన్ గుళికల్లో రంగునిచ్చే నూనెను బంధించి కాగితం వెనుక పూసింది. పెన్నుతో నొక్కి రాస్తే గుళిక పగిలి కింది కాగితం మీద అక్షరం పడుతుంది. కార్బన్ పేపర్ లేకుండానే నకలు పడే రశీదు పుస్తకాలు అలా వచ్చాయి. పగలడమే ఆ గుళిక పని. రంధ్రాల గుళిక తీరు వేరు. కోళ్ల గంపను చూసినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. వెదురు బద్దల సందుల్లోంచి గాలి ఆడుతుంది, చల్లిన నూకలు లోపలికి పోతాయి, పిల్లలు దూరి తిరుగుతాయి, తల్లికోడి మాత్రం బయటికి రాలేదు. కోడిని బట్టి సందు ఎంత ఉండాలో గంప అల్లేవాడు నిర్ణయిస్తాడు. గుళిక విషయంలోనూ అంతే. నీటి అణువు పరిమాణం నానోమీటరులో మూడో వంతు. చుట్టూ నీటి అణువులు చేరిన ఫ్లోరైడ్ అయాన్ కూడా ఒక నానోమీటరు లోపే ఉంటుంది. లోపలి ఆక్సైడ్ కణం 50 నానోమీటర్లు ఉండి, గోడ రంధ్రాలు 10 నానోమీటర్లు దాటకపోతే నీళ్లూ ఫ్లోరైడూ స్వేచ్ఛగా లోపలికి వెళ్తాయి, కణం బందీగా ఉంటుంది. గోడను కట్టే రేణువుల పరిమాణం మారిస్తే వాటి నడుమ సందును కోరినట్టు మార్చుకోవచ్చని హార్వర్డ్ పరిశోధకులు 2002లోనే కృత్రిమ గోళాలతో చేసి చూపించారు. అదే పనిని చెట్టు నుంచి వచ్చిన పోగుతో చేయడం తర్వాతి మెట్టు.

కణాన్ని ఇంత శ్రమపడి బంధించడం దేనికి? నానో కణం బలమూ, దానితో వచ్చే బెడదా ఒక్కచోట నుంచే పుడతాయి. ప్రతి భుజమూ ఒక సెంటీమీటరు ఉన్న ఘనాన్ని తీసుకుంటే దాని ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలుగా చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు అవుతుంది, అంటే మన లెక్కలో 700 గజాల పైమాటే. చింతగింజంత పదార్థంలో 200 గజాల ఇళ్ల స్థలాలు మూడు విప్పుకున్నట్టు. విషాన్ని పట్టుకోవడం, సూక్ష్మజీవిని చంపడం, రసాయన చర్యను వేగిరం చేయడం అన్నీ ఉపరితలం మీద జరిగే పనులే కాబట్టి చిటికెడు పదార్థం అంత పని చేస్తుంది. అయితే అంత చిన్న ముక్కను తిరిగి ఏరుకోవడం ఎవరివల్లా కాదు. మామూలు వడపోత గుడ్డ, ఇసుక దొంతర, కాగితపు ఫిల్టరు దాన్ని ఆపలేవు. చెమట వాసన రాకుండా వెండి నానో కణాలు పట్టించిన మేజోళ్లను 2008లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నీళ్లలో ఉతికి చూశారు. కొన్ని రకాల నుంచి వెండి కొద్ది ఉతుకుల్లోనే నీళ్లపాలైంది. ఆ నీళ్లు కాలువలోకి, కాలువ నదిలోకి పోతాయి. పాదాల మీది సూక్ష్మజీవులను చంపడానికి పెట్టిన వెండి మురుగుశుద్ధి కేంద్రంలో మనకు పనికొచ్చే సూక్ష్మజీవుల మీద పడే ప్రమాదం ఉంది. ఆ కణం ఎంత బాగా పనిచేసినా, పని అయిపోయాక దాన్ని వెనక్కి పిలిచే దారి లేకపోవడమే లోపం.

రంధ్రాల గుళిక విలువ ఇక్కడే ఉంది. ఏరుకోలేని కణాన్ని అది చేతికి దొరికే పూసగా మారుస్తుంది. అందుకే ఈ గుళికల వాడకాన్ని రెండు దారులుగా విడదీసి చూడాలి. మొదటి దారిలో గుళిక ఒక డబ్బాలోనో, గొట్టంలోనో, సంచిలోనో ఉండి పని చేస్తుంది. పని అయ్యాక అది మన చేతికి తిరిగి వస్తుంది. రెండో దారిలో గుళికను నేల మీద చల్లుతాం, ఆకు మీద పిచికారీ చేస్తాం, బట్టల సబ్బులో కలుపుతాం. అది ఇక తిరిగి రాదు. మొదటి దారిలో గుళిక గోడ గట్టిగా, ఎక్కువ కాలం నిలిచేదిగా ఉండాలి, లోపలి కణం ఎంత చురుకైనదైనా ఫరవాలేదు. రెండో దారిలో గోడ నేలలో చివికిపోవాలి, లోపలిది నేలకు హాని చేయనిదై ఉండాలి. ఒకదానికి కావలసిన గుణం రెండోదానికి దోషం. ఈ తేడా చూడకుండా రెండింటికీ ‘ప్రకృతి సహజం’ అన్న ఒకే ముద్ర వేసి అమ్మడం మొదలైతే నష్టపోయేది ప్రజలే. నా దృష్టిలో ప్రభుత్వ ధనం, పరిశోధన, కొనుగోళ్లు ముందు మొదటి దారికి దక్కాలి. రెండో దారికి అనుమతి ఆచితూచి ఇవ్వాలి.

మొదటి దారి ఎంత అవసరమో తెలుగు నేలకు చెప్పనక్కర్లేదు. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటున్నాయని మన దేశంలో తొలిసారి వైద్యులు 1937లో నమోదు చేసింది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ జిల్లాలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్ పత్రిక ద్వారా ప్రపంచం దృష్టికి తెచ్చారు. 1970లలోనే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని రూపొందించారు. ‘నల్గొండ పద్ధతి’ పేరుతో అది ఆఫ్రికా దేశాలదాకా వెళ్లింది. చవకైనది, ఊళ్లోనే చేసుకోదగినది. అయినా దానికి పరిమితులున్నాయి. నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో, క్షారత ఎంత ఉందో చూసి పటిక మోతాదు మార్చాలి. మోతాదు తప్పితే శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. అడుగున చేరిన ఫ్లోరైడ్ బురదను ఏం చేయాలన్న ప్రశ్న రోజూ ఎదురవుతుంది. ఊరి చివర గుంటలో పోస్తే వానకు మళ్లీ నేలలోకే దిగుతుంది. మందు పనిచేసినా దాని ఆఖరి రోజు గురించి ఎవరూ ఏర్పాటు చేయకపోతే ఏమవుతుందో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

అల్యూమినియం, జిర్కోనియం, సీరియం ఆక్సైడ్‌లకు ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుణం ఉంది. వాటిని నానో కణాలుగా చేసి గుళికల్లో ఉంచి, ఆ గుళికలను ఒక గొట్టంలో పేర్చి నీళ్లు పంపితే బురద ఉండదు, కణం నీళ్లలో కలవదు, గుళికలు నిండిపోయాక సంచితో సహా బయటికి తీయవచ్చు. ఇది గాలిలో మేడ కాదనడానికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. మద్రాసు ఐఐటీలో ఆచార్య టి. ప్రదీప్ బృందం వెండి కణాలను, ఆర్సెనిక్‌ను పట్టే ఇనుప ఆక్సీహైడ్రాక్సైడ్‌ను కైటోసాన్‌తో అల్లిన పంజరంలో బంధించి తక్కువ ఖర్చు నీటి ఫిల్టర్లు తయారుచేసింది. ఆ పని 2013లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది, ఆర్సెనిక్ ఫిల్టర్లు ఊళ్లకు చేరాయి. కైటోసాన్ రొయ్యల పెంకుల నుంచి వచ్చేది, సెల్యులోజు మొక్కల నుంచి వచ్చేది. రసాయన నిర్మాణంలో రెండూ దగ్గరి బంధువులే. అయితే ప్రయోగశాల పూసను యథాతథంగా తెచ్చి మన బోరు నీళ్లలో వేస్తే సరిపోదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న భూగర్భ జలాల్లో సాధారణంగా సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియం ఉన్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి రాయిలా అడుగుకు చేరుతుంది కాబట్టి అది లేనిచోటే నీళ్లలో మిగులుతుంది. కాల్షియం ముడితో నిలిచిన గుళికను అలాంటి నీళ్లలో వేస్తే సోడియం వచ్చి కాల్షియం స్థానాన్ని ఆక్రమిస్తుంది, ముడి వదులవుతుంది, రంధ్రం పెద్దదవుతుంది, గుళిక ఉబ్బి చెదురుతుంది. ఏ ఊరి ఫ్లోరైడ్‌ను తీయడానికి గుళికను తెస్తామో ఆ ఊరి నీళ్లే గుళికను విప్పేయగలవన్న మాట. అల్యూమినియం లాంటి బిగువైన ముడి వేయాలా, పోగుల మధ్య రసాయన బంధమే కట్టాలా అన్నది ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలైన మర్రిగూడ నీళ్లతో, కనిగిరి నీళ్లతో పరీక్షించి తేల్చాలి. స్వచ్ఛమైన నీళ్లలో ఉప్పు కలిపి చేసిన పరీక్షను నమ్మి టెండర్లు పిలవకూడదు.

ఇలాంటి జాగ్రత్తే కలుషిత జలాల విషయంలోనూ అవసరం. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ప్రాంతంలో ఔషధ పరిశ్రమల వ్యర్థ జలాలను శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ స్థాయి యాంటీబయాటిక్ ఉన్న నీళ్లు మందులకు లొంగని సూక్ష్మజీవులకు పొదుగు గూడు. వెలుతురు తగిలితే ఇలాంటి మందు అణువులను ముక్కలు చేసే టైటానియం డయాక్సైడ్ నానో కణాలు ఉన్నాయి. వాటిని నేరుగా వ్యర్థ జలాల్లో కలిపితే ఒక కాలుష్యం బదులు మరొకటి. గుళికలో పెట్టి వాడితే తిరిగి తీసుకోవచ్చు. కానీ టైటానియం డయాక్సైడ్ వెలుతురులో మందునే కాదు, తనను మోస్తున్న సెల్యులోజు గోడనూ తినగలదు. ఎన్ని గంటల ఎండకు గోడ పలచబడుతుందో కొలవకుండా దీన్ని వాడితే మోసేవాడే దారిలో కూలిపోతాడు.

ఇక రెండో దారి. పొలంలో చల్లే దాన్ని పొరతో కప్పి నిదానంగా అందించడం మన రైతుకు తెలియని విషయం కాదు. యూరియా మొత్తానికీ వేపనూనె పూత ఉండాలని కేంద్రం 2015లో తప్పనిసరి చేసింది. నత్రజని నేలలో మెల్లగా మారాలన్నదే ఆ పూత ఉద్దేశం. అక్కడ పొర వేపది, లోపలిది నేలకు అలవాటైన యూరియా. రెండూ నేలకు తెలిసినవే. ‘నానో’ అన్న మాట చేరగానే లెక్క ఎలా తప్పిపోగలదో చెప్పడానికి 2021లో వచ్చిన తొలి నానో యూరియా సీసా ఉదాహరణ. అర లీటరు ద్రవంలో 4 శాతం నత్రజని, అంటే 20 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైమాట. సీసా బస్తాకు సాటి అన్న ప్రచారానికీ ఈ అంకెలకూ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది. ఆకు మీద కొట్టడంవల్ల వృథా తగ్గుతుందని తయారీదారులు చెబుతారు. ఎంత తగ్గినా వెయ్యి రెట్ల దూరం పూడుతుందా అన్నది పొలంలో తేలాలి. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తన క్షేత్ర పరీక్షల్లో వరి, గోధుమ దిగుబడులు తగ్గాయని చెప్పింది. తయారీదారులు దాన్ని ఒప్పుకోలేదు. ఆ వివాదంలో తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. పొలంలో నిరూపణ ముందు, ప్రచారం తర్వాత అన్న వరుస తలకిందులైతే రైతు నమ్మకం పోతుంది. రేపు నిజంగా పనికొచ్చే గుళిక వచ్చినా ఎవరూ ముట్టుకోరు.

నేలలో వేసే గుళికకు నేను ప్రతిపాదించే పరీక్ష రైతులకు తెలిసినదే. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే శిలీంధ్రాన్ని కలిపి మాగబెట్టి మిరప చేలో వేయడం మన వ్యవసాయంలో మామూలు సంగతి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు చివికిపోవడానికి కారణం వెతికిన శాస్త్రజ్ఞులకు దొరికిన శిలీంధ్రం కూడా ఆ కుటుంబానిదే. సెల్యులోజును తుంచి చక్కెరగా మార్చే ఎంజైములు దాని దగ్గర ఉన్నాయి. గుళిక గోడను ట్రైకోడెర్మా తినగలిగితే అది నేలది. తినలేకపోతే, పుట్టుక చెట్టు నుంచే అయినా, నేలకు అది ప్లాస్టిక్‌తో సమానం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మొక్క పదార్థమన్నాక సహజమైనదే కదా, ఇన్ని పరీక్షలెందుకు అని. పుట్టుక ఒక్కటే గుణాన్ని తేల్చదు. పోగుల మీద ఆవేశం పెంచడానికి, గోడ బిగువుకు, నూనె అంటుకోవడానికి సెల్యులోజుకు రకరకాల రసాయనాలు జోడిస్తారు. జోడింపు పెరిగేకొద్దీ ఎంజైము దాన్ని గుర్తుపట్టడం తగ్గుతుంది. ఐరోపా సమాఖ్య ఈ మెలికను గ్రహించింది. ఉత్పత్తుల్లో కావాలని కలిపే సూక్ష్మ ప్లాస్టిక్ కణాల మీద 2023లో తెచ్చిన నియమంలో సహజ పాలిమర్లకు మినహాయింపు ఇస్తూనే, రసాయనికంగా మార్చనివి అయితేనే అని షరతు పెట్టింది. మార్చినవి అయితే జీవవిచ్ఛిన్నమవుతాయని పరీక్షలో రుజువు చేయాలి. బట్టల సువాసన గుళికలకు 2029దాకా, పంట మందుల గుళికలకు 2031దాకా గడువిచ్చింది. మన దేశంలో వ్యవసాయ, ఆహార నానో ఉత్పత్తుల మదింపుకు బయోటెక్నాలజీ విభాగం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలోని స్ఫూర్తిని గుళిక గోడకు కూడా వర్తింపజేస్తూ చట్టబద్ధమైన నియమంగా మార్చాలి. ఇంకో సంగతి. సెల్యులోజును జీర్ణించే ఎంజైము మన శరీరంలో లేదు. నోటి ద్వారా వెళితే పీచుగా బయటికి పోతుంది, ఎండిన నానోపోగుల ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళితే కరిగే దారి లేదు. కాబట్టి తయారీ కేంద్రంలో పనిచేసేవారి కోసం తడిగానే నిర్వహించడం, ధూళి లేవనివ్వకపోవడం నియమం కావాలి.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. చివికిపోయే గోడను నమ్మి కణాలను బంధించడం ఎలా? ఫిల్టరులోనే సూక్ష్మజీవులు గోడను తినేస్తే లోపలి కణాలు తాగే నీళ్లలోకి రావా? రావచ్చు. అందుకే మొదటి దారిలోని గుళికకు కాలపరిమితి తప్పనిసరి అంటున్నాను. చివకడం ఒక్కరోజులో జరిగేది కాదు, దానికి వేగం ఉంటుంది, ఆ వేగాన్ని కొలవవచ్చు. ఏ నీళ్లలో ఎన్ని నెలలకు కణాలు బయటపడటం మొదలవుతుందో కొలిచి, అందులో సగం కాలానికే గుళికలను మార్చేలా గడువు పెట్టాలి. కోళ్ల గంప బద్దలు పుచ్చిపోతాయని గంప వాడకం మానలేదు, పుచ్చకముందే కొత్తది అల్లుకున్నారు. ప్లాస్టిక్ గోడ అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది, నిజమే. అయితే వాడి పారేసిన తర్వాత కూడా నిలుస్తుంది. సెల్యులోజు గోడను జాగ్రత్తగా కాల్చి లోపలి లోహాన్ని తిరిగి రాబట్టుకునే వీలుంది. ఆ రకంగా చివికే గుణం, కాలే గుణం లోపాలు కావు, లెక్క పెట్టుకుని వాడుకోవలసిన లక్షణాలు.

మూడోది ఖర్చు. తొలినాళ్లలో టన్ను పీచును నానోపోగులుగా విప్పడానికి 20 వేల నుంచి 30 వేల యూనిట్ల కరెంటు పట్టేది. ఎంజైములతోనో రసాయనాలతోనో ముందే మెత్తబరిచే పద్ధతులు వచ్చాక అది వెయ్యి యూనిట్ల దరిదాపులకు దిగింది. ఆరబెట్టడం మరో చిక్కు. ఎండలో ఆరిన నూలు తువ్వాలు అట్టలా బిగుసుకున్నట్టే, గుళిక ఆరితే పోగులు ఒకదానికొకటి అతుక్కుని రంధ్రాలు మూసుకుపోతాయి. మళ్లీ తడిపినా పూర్తిగా తెరుచుకోవు. గడ్డకట్టించి ఆరబెడితే రంధ్రాలు నిలుస్తాయి కానీ ఖర్చు పెరుగుతుంది. తడిగానే ఉంచితే బరువు, రవాణా ఖర్చు పెరుగుతాయి. ఈ చిక్కులు నిజమైనవే. వాటికి జవాబు దూరం తగ్గించడంలో ఉంది. తడి గుళికను వాడే ఊరికి దగ్గరలోనే తయారుచేస్తే ఆరబెట్టే పనే ఉండదు. రాజమహేంద్రవరంలో, భద్రాచలం దగ్గరి సారపాకలో, కాగజ్‌నగర్‌లో కాగితపు మిల్లులున్నాయి. వాటికి సుబాబుల్, జామాయిల్, సరుగుడు పండించి ఇచ్చే రైతులున్నారు. గుజ్జు అక్కడే ఉంది, నీళ్లు అక్కడే ఉన్నాయి. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ దశాబ్దం కిందటే నానోసెల్యులోజు ప్రయోగాత్మక కర్మాగారం నడపడం మొదలుపెట్టింది. అంటే విద్య మన దగ్గరలోనే ఉంది.

ముడిసరుకు కోసం పశువుల మేతకు ఎసరు పెడతారా అన్నది నాలుగో అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వరిగడ్డి పాడి రైతుకు ప్రాణాధారం. గుళికల పేరుతో గడ్డి ధర పెరిగితే పాడి దెబ్బతింటుంది. కానీ పత్తికట్టె సంగతి వేరు. పత్తి ఏరడం అయిపోయాక ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు చేలల్లో నిలిచే కట్టెను పశువు తినదు. పొయ్యిలోకి పోయినంత పోగా మిగిలింది చేలోనే తగలబెడతారు. గుళికలకు కావలసిన సెల్యులోజు పరిమాణం కాగితంతో పోలిస్తే అతి స్వల్పం. కాబట్టి మేతకు పనికిరాని కట్టెతో మొదలుపెట్టాలన్న షరతు పెట్టడం కష్టమేమీ కాదు.

చివరగా, 2016లో మొదలైన తాగునీటి పథకం మిషన్ భగీరథతో నల్గొండ ఊళ్లకు కృష్ణా నీళ్లు చేరాక ఇక ఫ్లోరైడ్ గుళికలెందుకని అడగవచ్చు. నది నీళ్లు ఇవ్వడమే అన్నిటికంటే మంచి పరిష్కారం, ఏ గుళికా దానికి ప్రత్యామ్నాయం కాదు. కానీ పైపు పగిలిన వారంలో, ఎండలకు జలాశయం అడుగంటిన ఏడాదిలో, నది నీళ్లు ఇంకా చేరని ప్రాంతాల్లో, పొలం పనికి వెళ్లి బోరు దగ్గర దోసిలి పట్టే కూలీకి రెండో ఆసరా కావాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకుంటే 1.5దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. ఎముకకు పట్టిన ఫ్లోరైడ్ అంత తేలిగ్గా వెనక్కి పోదు. అందుకే ఆ రెండో ఆసరా మీద ఖర్చు దుబారా కాదు.

కాబట్టి ఈ గుళికలను అనుమతించే అధికారి, కొనే ప్రభుత్వ శాఖ, అమ్మే సంస్థ మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు చూపాలి. లోపలి కణం ఏ నీళ్లలో ఎన్ని రోజులకు బయటపడుతుంది? గోడను నేలలోని శిలీంధ్రాలు తినగలవా, ఎన్నాళ్లలో? వాడిన గుళికను ఎవరు, ఎక్కడికి తీసుకువెళ్తారు? మూడో ప్రశ్నకు నమూనా మన వంటింట్లోనే ఉంది. ఖాళీ గ్యాస్ బండ ఇస్తేనే నిండు బండ వస్తుంది. దేశంలో కోట్ల ఇళ్లు ఆ క్రమశిక్షణను అలవాటు చేసుకున్నాయి. ఫిల్టరు గుళికల సంచికీ అదే పద్ధతి పెట్టవచ్చు. పాత సంచి తెచ్చినవారికి కొత్త సంచి, పాతదానిలోని లోహాన్ని రాబట్టే బాధ్యత సరఫరాదారుది, ఆ ఖర్చు టెండరు ధరలోనే కలిపి. అలా చేస్తే నల్గొండ పద్ధతి బురద విషయంలో జరిగిన పొరపాటు మళ్లీ జరగదు. మంచి పదార్థం చేతికి వస్తున్న ఈ సమయంలోనే ఆ నియమం రాయడం తేలిక. అమ్మకాలు ఊపందుకున్నాక ఎవరూ రాయనివ్వరు. పాత సంచి తీసుకునే ఏర్పాటు ముందు జరగాలి, టెండరు ఆ తర్వాతే పిలవాలి.